గజ్జల్లో ఉబ్బు, కడుపులో గడ్డ: స్కానింగ్‌కు ముందు ఏం చూసుకోవాలి, దవాఖానలో ఏం చెప్పాలి

గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఏదో ఉబ్బినట్టు అనిపించగానే మన దగ్గర చాలామంది ముందు పోయేది స్కానింగ్ సెంటర్‌కే. ఊళ్లో ఆర్‌ఎంపీ చీటీ రాసిస్తాడు, నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో బస్సెక్కుతారు. పొద్దున పరగడుపున వెల్లకిలా పండబెట్టి తీసిన స్కానింగ్‌లో ఏమీ లేదని వస్తుంది. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల దగ్గర ఇలాంటి రిపోర్టులు రెండు మూడు ఉండటం మామూలే. "రిపోర్టు మంచిగనే ఉందంటరు సార్, కానీ పొద్దుగూకే వరకు కోడిగుడ్డంత లేస్తది" అంటారు. లుంగీ కొంచెం పక్కకు జరిపి, నిలబడి గట్టిగా దగ్గమంటే ఆ కోడిగుడ్డు అక్కడే లేస్తుంది. పండుకుంటే లోపలికి పోయేదాన్ని పండబెట్టి వెతికితే ఎట్లా దొరుకుతుంది?

హెర్నియా అంటే పొట్ట గోడలో బలహీనపడ్డ చోటు నుంచి లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకురావడం. మగవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జల్లో ఇది వస్తుంది. ఆడవాళ్లలో తక్కువే గానీ, వచ్చినప్పుడు ప్రమాదం ఎక్కువ. దీన్ని పట్టుకోవడానికి మిషన్ల కంటే ముందు కావాల్సింది వెలుతురు, ఒక చెయ్యి, ఒక దగ్గు. ఇంటి దగ్గర మీరు సరిగ్గా గమనించి వస్తే డాక్టరు పని సగం అయిపోయినట్టే.

మొదట నిలబడి చూసుకోండి

పొద్దున లేవగానే కాదు, పని చేసొచ్చిన తర్వాత సాయంత్రం చూసుకోండి. రోజంతా నిలబడి, బరువులు ఎత్తాక ఉబ్బు బాగా బయటపడుతుంది. తలుపు వేసుకొని, లైటు కింద నిలబడి, రొమ్ము ఎముక నుంచి తొడల మొదలు దాకా బట్టలు తీసేయండి. ఉబ్బు ఉన్నచోటే కాదు, రెండు వైపులా చూడాలి. ఒక పక్క హెర్నియా ఉన్నవాళ్లకు రెండో పక్క కూడా చిన్నగా మొదలై ఉండొచ్చు.

ముఖం పక్కకు తిప్పి గట్టిగా దగ్గండి. దగ్గిన క్షణంలో ఏదైనా తన్నుకొచ్చిందా? మూడు వేళ్లు దాని మీద ఆనించి మళ్లీ దగ్గండి. వేళ్లను లోపలి నుంచి ఏదో నెట్టినట్టు తగిలితే అది హెర్నియా అనుకోవడానికి గట్టి ఆధారం. పొట్ట పెద్దగా ఉండి కిందికి కనబడని వాళ్లు అద్దం పెట్టుకోవచ్చు, లేదా ఇంట్లో వాళ్లను చూడమనవచ్చు. సిగ్గుపడి చేత్తో తడిమి ఊరుకోవడం వల్లే ఏళ్లు గడిచిపోతాయి.

తర్వాత పండుకోండి

వెల్లకిలా పండుకొని మోకాళ్లు కొంచెం ముడవండి, ఊపిరి మామూలుగా పీల్చుకోండి. ఉబ్బు దానంతట అదే లోపలికి జారిపోయిందా, చేత్తో మెల్లగా ఒత్తితే పోయిందా, అసలు పోలేదా? ఈ మూడింటిలో ఏదో గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది ఇదే. లోపలికి పోయేటప్పుడు గుడగుడమని శబ్దం వస్తే అందులో పేగు ఉందని అర్థం. పోకపోతే బలవంతం చేయొద్దు.

మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్‌తో (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) నడుము వంగిపోయిన పెద్దవాళ్లు తిన్నగా పండుకోలేరు. వాళ్లకు తల కింద రెండు దిండ్లు పెట్టి, మోకాళ్ల కింద దుప్పటి మడిచి పెడితే పొట్ట వదులవుతుంది. డాక్టరు చూసేటప్పుడు కూడా అట్లాగే పెట్టమని అడగండి. బిగిసిన పొట్ట మీద ఎంత అనుభవమున్న చెయ్యికైనా ఏమీ తెలియదు.

అట్లా పండుకునే చేతులు ఆనించకుండా తల, భుజాలు కొంచెం పైకి లేపండి. పొట్ట కండరాలు బిగుస్తాయి. అప్పుడు గడ్డ ఇంకా బాగా కనబడితే, లేదా అట్లాగే చేతికి తగులుతుంటే అది పొట్ట గోడలోనిదే. బిగించగానే చేతికి అందకుండా పోతే అది లోపల, పేగుల దగ్గరో కాలేయం దగ్గరో ఉన్నదన్నమాట. పైసా ఖర్చు లేని ఈ పరీక్షతోనే మీ సమస్య ఏ దారిలోదో చాలావరకు తేలిపోతుంది.

తల లేపినప్పుడు బొడ్డు పైన నడిమధ్యలో నిలువుగా గట్టు లేచినట్టు కొందరు ఆడవాళ్లకు కనిపిస్తుంది. కాన్పుల తర్వాత రెండు పక్కల కండరాలు ఎడంగా జరగడం వల్ల వచ్చేది ఇది. హెర్నియా కాదు, ఇందులో పేగు ఇరుక్కోదు. చర్మం కింద మెత్తగా, వేలితో నొక్కితే జారిపోతూ, ఏళ్ల తరబడి అంతే ఉండే గడ్డ చాలావరకు కొవ్వు గడ్డే.

ఎక్కడుందో చూస్తే ఏమిటో తెలుస్తుంది

గజ్జ మడత పైన లేచి, కొందరిలో వృషణాల సంచిలోకి దిగేది మామూలుగా చూసే గజ్జ హెర్నియా. సంచి మొత్తం వాచి ఉంటే అది హెర్నియానా, నీరు చేరిన బుడ్డనా అన్నది తేల్చాలి. సంచి మొదట్లో, పైభాగాన రెండు వేళ్లతో పట్టుకోండి. వాపు పైఅంచు వేళ్ల మధ్యకు దొరికితే బుడ్డ కావచ్చు. అంచు దొరక్కుండా వాపు కడుపులోకి కొనసాగుతున్నట్టుంటే హెర్నియా. చీకటి గదిలో ఫోను టార్చి వెనక నుంచి ఆనిస్తే నీటి బుడ్డ ఎర్రగా వెలుగుతుంది. పసిపిల్లల్లో ఈ టార్చి పరీక్షను నమ్మొద్దు, వాళ్ల పేగు కూడా పలచగా వెలుగుతుంది. వృషణమే గట్టిగా, బరువుగా, నొప్పి లేకుండా పెరిగితే అది హెర్నియా లెక్కలోది కాదు, ఆ వారంలోనే చూపించుకోవాలి.

గజ్జ మడత కింద, తొడ మొదట్లో నిమ్మకాయంత ఉబ్బు ఎక్కువగా ఆడవాళ్లలో, అందులోనూ వయసు మళ్లినవాళ్లలో వస్తుంది. దాని దారి చాలా ఇరుకు కాబట్టి పేగు ఇరుక్కోవడం తొందరగా జరుగుతుంది. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వాంతులు, పొట్ట ఉబ్బరం, విరేచనం కాకపోవడంతో ముసలామెను తెస్తారు. గ్యాస్ అని సూది, గోలీలు ఇచ్చి పంపిస్తారు. చీర కింద తొడ మొదట్లో ఉన్న చిన్న గడ్డను ఎవరూ చూడరు, ఆమె తనంతట తాను చెప్పదు. మీ అమ్మనో నాయనమ్మనో అట్లాంటి కడుపునొప్పితో తీసుకెళ్తే "గజ్జలు కూడా చూడండమ్మా" అని మీరే అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఇక పాత కుట్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. గర్భసంచి తీసేయించుకున్నవాళ్లూ మన పల్లెల్లో తక్కువేం కాదు. ఆ కుట్ల గీత వెంట, అందులోనూ నిలువు కోత ఉన్నచోట, ఏడాదికో పదేళ్లకో ఉబ్బు లేస్తే అది కుట్ల హెర్నియా. ఒకచోట పెద్దగా కనబడితే గీత పొడవునా వేళ్లు ఆనించి దగ్గండి. రెండు మూడు రంధ్రాలు ఉండటం సాధారణమే, సర్జన్‌కు అవన్నీ తెలియాలి.

చంటిపిల్లల బొడ్డు ఉబ్బు చాలావరకు 4-5 ఏళ్లు వచ్చేసరికి దానంతట అదే మూసుకుంటుంది. రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టడం వల్ల తొందరగా పోదు, చర్మం పుండవుతుంది అంతే. పిల్లల గజ్జల్లో వచ్చేది మాత్రం తనంతట మూసుకోదు. ఏడ్చినప్పుడు లేచి, నిద్రలో మాయమైపోతుంటే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరు దగ్గర బిడ్డ నిద్రపోతే చూపించడానికి అదే ఆధారం. నెలల బిడ్డ అయితే వారాలు ఆగకుండా తీసుకెళ్లాలి.

రాత్రి ఆగకూడని గడ్డ

రోజూ లోపలికి పోయే ఉబ్బు ఇవాళ పోవడం లేదు. గట్టిపడింది, ముట్టుకుంటే ప్రాణం పోతున్నట్టుంది. పైన చర్మం ఎర్రబడింది, లేదా వాంతులవుతున్నాయి, పొట్ట ఉబ్బింది, కిందినుంచి గాలి కూడా పోవడం లేదు. పేగు ఇరుక్కుపోయి రక్తం ఆగిపోతోందని దీనర్థం. కొన్ని గంటల్లోనే ఆ ముక్క చచ్చిపోతుంది. తెల్లారనిస్తే హెర్నియా ఆపరేషన్ కాస్తా పేగు కోసి అతికే ఆపరేషన్ అవుతుంది.

ఇంట్లో ఒత్తి లోపలికి నెట్టే ప్రయత్నం చేయొద్దు. అన్నం, నీళ్లు, చాయ్ ఏవీ వద్దు, మత్తిచ్చి ఆపరేషన్ చేయాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. నొప్పికి సూది వేయించుకొని పొద్దున చూద్దామనుకోవద్దు, నొప్పి తగ్గినా పేగు చావడం ఆగదు. 108కి ఫోన్ చేయండి. అమ్రాబాద్, అచ్చంపేట, దేవరకొండ దిక్కు ఊళ్ల నుంచి దూరం ఎక్కువ కాబట్టి, రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండే దవాఖానకే నేరుగా పోవాలి. మధ్యలో రెండు చోట్ల ఆగి రాయించుకొని పోయేసరికి ఆ కొన్ని గంటలు అయిపోతాయి.

దీనికి భిన్నంగా, నొప్పి లేని, సులువుగా లోపలికి పోయే గజ్జ హెర్నియా ఉన్న మగవాళ్లకు ఇంత హడావుడి అక్కర్లేదు. డాక్టరు చూశాక కొన్నాళ్లు గమనిస్తూ ఆగవచ్చు. అయితే అట్లా ఆగినవాళ్లలో ఎక్కువమంది నొప్పి పెరిగి చివరికి ఆపరేషన్‌కే వస్తారు. బరువు మోసే పనిలో ఉన్నవాళ్లు వరి కోతల ముందో, వలస పోయే ముందో కాకుండా పని తక్కువున్న నెలల్లో చేయించుకుంటే కూలీ నష్టం తక్కువ. గోలీలతో, పసర్లతో రంధ్రం మూసుకోదు. బెల్టు కూడా రంధ్రాన్ని మూయదు, బయటికి కనబడకుండా నొక్కి పెడుతుంది.

లోపలి గడ్డల సంగతి

తల లేపితే అందకుండా పోయిన గడ్డను మీరు తేల్చలేరు. కానీ ఎక్కడుందో, దాంతోపాటు ఏమున్నాయో చెప్పగలరు. పిల్లల పొట్టలో గడ్డ చేతికి తగిలితే మాత్రం మళ్లీ మళ్లీ నొక్కి ఇంటిల్లిపాదికీ చూపించొద్దు. మూత్రపిండంలో వచ్చే కొన్ని పిల్లల గడ్డలు ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది. ఒక్కసారి చూసి బయల్దేరండి.

కుడివైపు పక్కటెముకల కింద బరువు, జ్వరం, చలి, కుడి భుజంలోకి లాగే నొప్పి ఉంటే కాలేయంలో చీము గడ్డ కావచ్చు. కల్లు, మందు ఎక్కువ తాగే మగవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాం. తాగే సంగతి దాస్తే డాక్టరు టైఫాయిడ్ దారిలో వెళ్లిపోతాడు. జ్వరం, నొప్పి లేకుండా అదేచోట నెమ్మదిగా పెరిగే గడ్డ ఉండి, ఇంట్లో గొర్లు, కుక్కలు ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. గొర్రెను కోసినప్పుడు పేగులు, కార్జం ముక్కలు తిన్న కుక్క నుంచి మనిషికి వచ్చే ఒకరకం పురుగు కాలేయంలో నీటి తిత్తి కడుతుంది. అది తెలియక సూదితో గుచ్చితే లోపలి నీరు కారి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, ప్రాణం మీదికి రావడం జరగొచ్చు. మా దగ్గర గొర్లున్నాయి అన్న ఒక్క ముక్క దాన్ని ఆపుతుంది.

ఎడమవైపు పక్కటెముకల కింద నుంచి బొడ్డు వైపు పెరిగేది బల్ల, అంటే ప్లీహం వాపు. మలేరియా నుంచి రక్త జబ్బులు, కాలేయం చెడిపోవడం దాకా ఎన్నో కారణాలుంటాయి. వాతలు పెట్టించడం ఇంకా అక్కడక్కడ జరుగుతోంది. దానివల్ల బల్ల కరగదు, పుండు మానేదాకా వైద్యం ఆలస్యమవుతుంది. బల్ల బాగా పెరిగినవాళ్లు దెబ్బలు తగలకుండా చూసుకోవాలి, అది చిట్లితే లోపలే రక్తస్రావం అవుతుంది.

కుడివైపు కింది పొట్టలో గడ్డ ఉంటే ఒక ప్రశ్న: నాలుగైదు రోజుల కింద బొడ్డు చుట్టూ మొదలై అక్కడికి దిగిన నొప్పి, జ్వరం వచ్చాయా? మనం ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి (అపెండిసైటిస్) అనేది అదే. దాన్ని గోలీలతో అణిచిపెడితే చుట్టూ పేగులు, కొవ్వు వచ్చి అతుక్కొని గడ్డ కడతాయి. అప్పుడు ఆపరేషన్ వెంటనే చేయకుండా ముందు మందులతో చల్లార్చడమే మామూలు పద్ధతి. అదేచోట నెలల తరబడి గడ్డ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే పేగు క్షయ, వయసు ఎక్కువైతే క్యాన్సర్ కూడా ఆలోచించాలి. ఎడమవైపు కింద నొక్కితే గుంటపడి, విరేచనం అయ్యాక మాయమయ్యేది గడ్డ కాదు, మలమే.

బొడ్డు కింద నడిమధ్యలో గుండ్రంగా లేస్తే ఆడవాళ్లలో మొదట గర్భం ఉందా అని చూడాలి, తర్వాతే గర్భసంచి గడ్డలు, అండాశయం తిత్తులు. పెళ్లయిందా కాలేదా, వయసెంత అని లెక్కలేసుకోకుండా నెల తప్పిన ఎవరికైనా మూత్ర పరీక్ష చేయిస్తే నయం. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, కొంచెం తినగానే కడుపు నిండినట్టయి పొట్ట పెరుగుతున్నా ఆగొద్దు. పెద్దవయసు మగవాళ్లలో అదేచోట గడ్డ ఉండి మూత్రం చుక్కలు చుక్కలుగా పోతుంటే అది నిండిపోయిన మూత్రసంచి. పైపు వేసి మూత్రం తీయగానే గడ్డ పోతుంది, ఇంటిల్లిపాదీ తెల్లబోతారు.

డాక్టరు దగ్గర

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: గడ్డ ఎప్పుడు కనబడింది, అప్పుడెంత, ఇప్పుడెంత, పండుకుంటే పోతుందా, నొప్పి ఎప్పుడు వస్తుంది, ఆకలి, బరువు, విరేచనంలో రక్తం, కళ్లు పచ్చబడటం, పాత ఆపరేషన్లు, వాడే మందులు. బరువు తెలియకపోతే బట్టలు వదులయ్యాయా చెప్పండి. రెండు వారాలు దాటిన దగ్గు, మూత్రానికి ముక్కడం, మలబద్ధకం ఉంటే అవీ రాయండి. హెర్నియాను బయటికి తోసేవి అవే. దగ్గుకు తెమడ పరీక్ష చేయించకుండా హెర్నియా కుట్టించుకుంటే ఆ దగ్గే మళ్లీ చింపుతుంది.

డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి, పండబెట్టి రెండు రకాలుగా చూడాలి. బట్టల మీది నుంచే తడిమి చీటీ రాస్తే ఆ పరీక్ష జరగలేదనే లెక్క. కింది పొట్టలో గడ్డ అనుమానం ఉంటే మలద్వారంలో వేలితో చూడాల్సి రావచ్చు, ఆడవాళ్లకు లోపలి పరీక్ష కూడా. పక్కన నర్సు ఉండాలని అడిగే హక్కు మీకుంది.

గజ్జ హెర్నియా కళ్లకు కనబడి, చేతికి తెలుస్తుంటే చాలావరకు స్కానింగ్ అవసరమే లేదు. నొప్పి ఉండి ఉబ్బు దొరకనప్పుడు, లావుగా ఉన్నవాళ్లలో, ఆడవాళ్ల గజ్జల్లో, పాత కుట్ల దగ్గర అది పనికొస్తుంది. అప్పుడు స్కానింగ్ గదిలో "నిలబడి దగ్గినప్పుడు వస్తది సార్, అట్లా కూడా చూడండి" అని చెప్పండి. లోపలి గడ్డకు మొదటి పరీక్ష అల్ట్రాసౌండే. పైపొట్టకైతే 6-8 గంటలు తినకుండా, కింది పొట్టకైతే నీళ్లు తాగి మూత్రం నిండాక పోవాలి. దాంతో తేలకపోతేనే సీటీ స్కాన్. సీటీలో రంగు మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించాలి, గర్భం లేదని రూఢి చేసుకోవాలి, ఇదివరకు సూది మందు పడకపోయి ఉంటే చెప్పాలి. క్యాన్సర్ రక్తపరీక్షలు మీ అంతట మీరు ప్యాకేజీలో చేయించుకొని బెంబేలు పడొద్దు. మామూలు తిత్తులకూ ఆ అంకెలు పెరుగుతాయి. చాలా గడ్డలకు ముక్క పరీక్షే (బయాప్సీ) తుది మాట, అయితే ఏ గడ్డను గుచ్చొచ్చో ఏది గుచ్చకూడదో స్కాన్ చూసి సర్జన్ నిర్ణయించాలి.

దీనికోసం నేరుగా హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని లేదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీల దవాఖానలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానకు రాసిస్తారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. అయితే ఏ ఆపరేషన్ ఏ దవాఖానలో దాని కింద వస్తుందన్నది చేరే ముందే అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. ఆధార్, రేషన్ కార్డులతోపాటు పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం వెతికి పట్టుకుపోండి. అందులో జాలీ (రంధ్రం మీద వేసే వల) వేశారా లేదా అన్న ఒక్క వరుస కోసం సర్జన్ ఎదురుచూస్తుంటాడు.